రాట్నం, ముగ్గు, పొలంగట్టు: వీటితో పిల్లలకు చదువు వస్తుందా?

ప్రశ్న:

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు పక్కన ఒక పల్లె. చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఉండి, పోయిన ఏడాది అత్తవారి ఊరికి వచ్చేశాం. మా ఆయన ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటారు. నేను ఉద్యోగం మానేశాను. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరేళ్లు. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో చేర్పించాం. పాప రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. అదే పిల్ల మావయ్యగారి వెంట పొలానికి వెళ్తే సాయంత్రం దాకా అలుపు లేకుండా తిరుగుతుంది. మా అత్తయ్య రాట్నం మీద నూలు వడుకుతుంటే పక్కన కదలకుండా కూర్చుంటుంది. ఇదంతా చూశాక ఇద్దరినీ బడి మాన్పించి పొలం, చెట్లు, పిట్టలు, ఇంటి పనులు, అత్తయ్య చేతిపని, వీటితోనే చదువు చెప్పాలనిపిస్తోంది. మా ఆయన సరే అన్నారు గానీ సగం మనసుతోనే. అత్తయ్య అయితే "బడికెళ్లని గుంటలు రేపు ఏటైపోతారు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. దీనికి చట్టం ఒప్పుకుంటుందా? రేపు పదో తరగతి సర్టిఫికెట్ ఎలా? పిల్లలు వెనకబడిపోతారా? రోజూ ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి? నాకు టీచర్ ట్రైనింగ్ లేదు. అదే నా టెన్షన్.

ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన వాటిలో చట్టం, సర్టిఫికెట్ తేలికైన ప్రశ్నలు. వాటికన్నా ముందు పాప కడుపునొప్పి సంగతి చూడండి. ఒకసారి డాక్టరుకు చూపించి, జబ్బేమీ లేదని తేల్చుకోండి. ఆ తర్వాత పాపను నెమ్మదిగా కదపండి. స్కూల్లో ఎవరైనా కొడుతున్నారా, బాత్రూం శుభ్రంగా లేక రోజంతా ఆపుకుంటోందా, హైదరాబాద్ మాట విని తోటిపిల్లలు నవ్వుతున్నారా, తెలుగు గడగడా చదవలేక సిగ్గుపడుతోందా? ఒక్క రోజులో చెప్పదు. అన్నం తినేటప్పుడో, తల దువ్వేటప్పుడో మాట బయటికొస్తుంది. కారణం ఆ ఒక్క స్కూలే అయితే స్కూలు మార్చినా సరిపోవచ్చు. ఇంటి చదువు చాలా ఏళ్లపాటు సాగాల్సిన పని. ఒక స్కూలు మీద కోపంతో మొదలుపెడితే ఆ కోపం తగ్గాక ఊపు కూడా తగ్గిపోతుంది.

కారణం తెలుసుకున్నాక కూడా మీ మనసు ఇటే మొగ్గితే మొదలుపెట్టండి. ఇంట్లో పని తెలిసిన పెద్దలు, పొలం, పగలంతా ఇంట్లోనే ఉండే తల్లీ తండ్రీ, ఇవన్నీ ఒకేచోట ఉన్న కుటుంబాలు ఈ రోజుల్లో తక్కువ. బడిలో పాఠాలు చెప్పినదాన్నయినా ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

చట్టం సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే జైలనీ, జరిమానా అనీ మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించడాన్ని పేరు పెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. అందుకని దేశంలో ఇంటి చదువు చదివిస్తున్న కుటుంబాలన్నీ ఈ మధ్యస్థ స్థితిలోనే ఉన్నాయి. బడి మానేసిన పిల్లల వివరాలు రాసుకోవడానికి ఎవరో ఒకరు మీ గుమ్మంలోకి వస్తారు. వాళ్లతో వాదించకండి. పిల్లల నోటు పుస్తకాలు, తేదీలతో సహా, ముందు పెట్టండి. ఆ వచ్చినవాళ్లు చూడాల్సింది పిల్లలు చదువుకుంటున్నారా లేదా అన్నదే.

మీకు ధైర్యమిచ్చే సెక్షన్ ఒకటుంది, అది 4వది. బడికి దూరమైన పిల్లలు మళ్లీ ఎప్పుడు వచ్చినా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అది చెబుతుంది. కాబట్టి మీరు వేసే అడుగు వెనక్కి తీసుకోలేనిది కాదు. అత్తయ్యగారికి ముందు ఈ సంగతి చెప్పండి.

సర్టిఫికెట్‌కు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే అందరూ ఎన్‌ఐఓఎస్ అనేది ఉంది. 14 ఏళ్లు నిండితే అక్కడ పదో తరగతి స్థాయి పరీక్షకు కట్టవచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది. అయిదు సబ్జెక్టులు ప్యాస్ కావాలి. అన్నీ ఒకేసారి రాయాలనేం లేదు, అయిదేళ్ల వ్యవధిలో ఒక్కోటి పూర్తి చేసుకోవచ్చు. రాష్ట్రంలో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఇలాంటిదే. పాపకు అయిదేళ్ల టైముంది. ఈ రెండింటి నిబంధనలు, ఆ తర్వాత తను చేరాలనుకునే కోర్సు నిబంధనలు అప్పటి నోటిఫికేషన్‌లో చదువుకుని నిర్ణయించుకోండి. ఇంకో మాట. బడికి వెళ్లే పిల్లల పేరున తల్లులకు వచ్చే ప్రభుత్వ సాయం హాజరుతో ముడిపడి ఉంటుంది. ఇంట్లో చదివిస్తే అది రాదు. ఇంటి ఖర్చులో దాన్ని లెక్కేసుకునే నిర్ణయం తీసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఇంటి చదువు మొదలుపెట్టినవాళ్లు మామూలుగా రెండు దారుల్లో ఒకదాంట్లో పడతారు. కొందరు హాల్లో వైట్‌బోర్డు పెట్టి, తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి సైన్సు అని ఇంట్లో ఇంకో బడి పెడతారు. అప్పుడు పాపకు కడుపునొప్పి ఇంట్లోనే మొదలవుతుంది. ఇంకొందరు "ప్రకృతే గురువు" అని పిల్లల్ని వదిలేస్తారు. ఆ పిల్లలు రెండేళ్లకు కూడా ఒక పేజీ తప్పుల్లేకుండా చదవలేరు. నేను చెప్పేది ఒక్కటే. పిల్లల చేతికిచ్చే పని నిజమైన పని కావాలి, మొదలు నుంచి చివరి దాకా వాళ్లు అందులో ఉండాలి. కాగితం మీద దూది ఉండ అతికించి "పత్తి పాఠం అయిపోయింది" అనుకునే పద్ధతి వద్దు. మీ ఇంట్లో ఆ పత్తి పాఠం సంవత్సరం పొడుగునా నడుస్తుంది. అదెలాగో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకున్న పెద్ద ఆస్తి అదే.

పెరట్లో నాలుగు దేశవాళీ పత్తి మొక్కలు వేయించండి. విత్తు మొలిచిన రోజు, మొదటి పూత, మొదటి కాయ పగిలిన రోజు పాప తన పుస్తకంలో రాసుకోవాలి. పూసినప్పుడు లేత రంగులో ఉన్న పువ్వు వాడే వేళకి ఎర్రబారుతుంది, దాన్ని బాబు చేత రంగు పెన్సిళ్లతో వేయించండి. కాయ చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. అన్నాళ్లు ఎదురుచూడటం కూడా పిల్లలకు అలవాటు కావాలి.

తర్వాత పని అత్తయ్యగారిది. పొందూరు ఖాదీకి ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల వరస దువ్వెనలా పనిచేస్తుంది, చెత్తా నలుసూ పోయి పోగులు ఒకే దిక్కుకు వస్తాయి. తర్వాత చెక్క పలక మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లిస్తే గింజ విడిపోతుంది. చిన్న విల్లుతో దూది ఏకడం, ఏకులు చుట్టడం, నలగకుండా వాటిని అరటి దవ్వలో దాచుకోవడం, ఆ తర్వాత రాట్నం. అత్తయ్య ప్రతి మెట్టులో ఎందుకలా చేస్తారో పాప అడగాలి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయాలి. తప్పులొస్తే రానివ్వండి, రెండోసారి శుభ్రంగా తిరగరాస్తే చాలు. వాలుగ చేపకు అన్ని పళ్లెందుకు, అది ఏం తిని బతుకుతుంది అన్న ప్రశ్న వస్తే జంతుశాస్త్రం మొదలైనట్టే. బాబు చేతికి రాట్నం అందదు గనక తకిలీ, అంటే చేత్తో తిప్పి నూలు తీసే చిన్న కదురు ఇవ్వండి. మొదట్లో దారం తెగుతూనే ఉంటుంది. మీరు అతికించి ఇవ్వకండి, వాడే అతుక్కోవాలి.

పాప అయిదో తరగతి లెక్కలకు వచ్చేసరికి అదే నూలు లెక్కలూ నేర్పుతుంది. వంద కౌంట్ నూలు అంటారు కదా, ఆ మాటకు అర్థం ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో ఒక పౌను బరువున్న నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంట్. అంటే వంద కౌంట్ నూలు ఒక పౌను తూగితే దాని పొడవు 84,000 గజాలు. గజాన్ని మీటర్లలోకి, మీటర్లను కిలోమీటర్లలోకి మార్చమనండి. 76 కిలోమీటర్లు దాటుతుంది! అర కిలో కూడా లేని దూదిలో అంత దారం. పొందూరు నుంచి ఆ దారం ఎక్కడి దాకా వెళ్తుందో మ్యాప్ తెరిచి స్కేలు పెట్టి కొలవమనండి. గుణింపు, ప్రమాణాల మార్పిడి, మ్యాప్ చదవడం, మూడూ ఒక్క పూటలో అయిపోతాయి, అదీ వాళ్ల నాన్నమ్మ చేతి నుంచి వచ్చిన దారంతో.

మరో లెక్క కూడా చేయించండి. ఒక చిలప నూలు వడకడానికి నాన్నమ్మకు ఎన్ని గంటలు పట్టింది, దానికి ఎంత కూలి వచ్చింది, గంటకు ఎంత పడింది? ఆ అంకె చూసి పాప బాధపడుతుంది. పడనివ్వండి. వారసత్వ కళ అని గొప్పగా చెప్పి, ఆ కళను బతికిస్తున్న ఆడవాళ్లకు ఎంత దక్కుతోందో దాచిపెడితే పిల్లలకు సగమే చెప్పినట్టు. ఆ బట్ట దుకాణంలో ఎంతకు అమ్ముతున్నారో చూసి, మధ్యలో నేతకు, రంగుకు, రవాణాకు, అమ్మకానికి ఏమేం పోతుందో అడిగి తెలుసుకుంటే అదే అర్థశాస్త్రం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశంలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలని ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి రూపం ఇచ్చింది. నయీ తాలీమ్ అన్నది అదే. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్లాలన్న భాగం మాత్రం అప్పుడే విమర్శలకు గురైంది, ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం. పిల్ల వడికిన నూలుకు డబ్బు వస్తే సంతోషం, కానీ ఇంత వడకాలి అని రోజుకో లెక్క పెట్టకండి. అలసిపోయినప్పుడు లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ పిల్లకు ఉండాలి. అది లేని రోజు చదువు కూలిపనిగా మారుతుంది.

ముగ్గు గురించి కూడా చెప్పాలి. ఇంటి ముందు రోజూ పెట్టేదాన్ని మనం లెక్కలతో కలిపి చూడం. సందు చుక్కతో 3 చుక్కల నుంచి 2 వరకు పెడితే మొత్తం 7 చుక్కలు. 5 నుంచి 3 వరకు అయితే 19. 7 నుంచి 4 వరకు 37. 9 నుంచి 5 వరకు 61. పాపను ముందు నేల మీద చుక్కలు పెట్టి లెక్కపెట్టమనండి. ఈ అంకెల మధ్య తేడాలు రాయమనండి. 12, 18, 24 వస్తాయి. ప్రతిసారీ ఆరు పెరుగుతోంది. ఇప్పుడు పెట్టకుండానే చెప్పమనండి, 11 నుంచి 6 వరకు పెడితే ఎన్ని చుక్కలు? 91 అని చెప్పి, తర్వాత పెట్టి సరిచూసుకున్నప్పుడు ఆ పిల్ల ముఖం చూడండి. ఆరే ఎందుకు పెరుగుతోందో చుక్కల చుట్టూ వేలు పెట్టి తిప్పితే తనకే తెలుస్తుంది, ఆ ఆకారానికి ఆరు పక్కలున్నాయి. ఇది బాబుకు కూడా నేర్పండి. ముగ్గు ఆడపిల్ల పని అన్న మాట మీ ఇంట్లో వినబడకూడదు.

ప్రకృతి పాఠానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కార్తెల పుస్తకం ఒకటి పెట్టించండి. ఏడాదిలో 27 కార్తెలు. 365ను 27తో భాగిస్తే ఒక్కోటి పదమూడున్నర రోజులు. మావయ్యగారికి అవన్నీ నోటికి వచ్చే ఉంటాయి. ప్రతి కార్తెలో వాన పడిందా, ఏ విత్తనం వేశారు, ఏ పిట్ట కూసింది, ఏ చెట్టు చిగిర్చింది, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాయాలి. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, మరి ఆ రోజుల్లో ఎంత ఎండ కాసిందో ఉష్ణమాపకం గోడకు తగిలించి చూడాలి. ఆరుద్ర పురుగులు నిజంగా ఆరుద్ర కార్తెలోనే వచ్చాయా, మొదటి వాన తర్వాత ఎన్నాళ్లకు వచ్చాయో రాసుకోవాలి. రెండో ఏడాది అదే పుస్తకం పక్కన పెట్టుకుని పోల్చితే పెద్దల మాటల్లో ఏది ఇప్పటికీ నిలుస్తోంది, ఏది వాతావరణం మారి తప్పుతోంది అన్నది పిల్లలే చెబుతారు. ముసలివాళ్ల మాటను గౌరవించడం, దాన్ని పరీక్షించి చూడటం రెండూ ఒకేసారి నేర్చుకోవచ్చు.

వినాయక చవితికి పత్రి బజారులో కొనకండి. 21 రకాల పత్రిలో ఎన్ని మీ ఊళ్లో దొరుకుతాయో పిల్లలతో వెతికించండి. మారేడు, గరిక, ఉత్తరేణి, రేగు, జమ్మి, వావిలి, జిల్లేడు, మామిడి, రావి, తులసి, గన్నేరు, ఉమ్మెత్త ఇవన్నీ పల్లెల్లో ఉండేవే. ఉత్తరేణి గింజ లంగాకు అంటుకుని వస్తుంది, జిల్లేడు గింజ దూది తగిలించుకుని గాలిలో ఎగురుతుంది, రేగుపండును పిట్టలు తిని గింజను దూరంగా వేస్తాయి. విత్తనాలు ఎలా ప్రయాణం చేస్తాయన్న పాఠం పూజ బుట్టలోనే ఉంది. అయితే ఒక జాగ్రత్త. గన్నేరు, ఉమ్మెత్త విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. బాబుకు ఆ మూడూ ముందుగా చూపించి, వాటిని ముట్టుకున్నాక చేతులు కడగడం అలవాటు చేయండి. పాముల గురించి కూడా నేర్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి బొమ్మలు చూపించి, కరిస్తే మంత్రగాడి దగ్గరకు కాకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికే వెళ్లాలని పిల్లలకు కూడా తెలియాలి. మందు కొట్టిన రోజున పొలానికి పంపకండి.

మీ జిల్లాలోనే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. పెలికన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని, వేసవి ముదిరేలోపు వెళ్తాయి. ఒకసారి వెళ్లి ఫొటోలు తీసుకుని రావడం కాకుండా, వచ్చిన కొత్తలో, గుడ్ల కాలంలో, పిల్లలు ఎగరడం నేర్చే కాలంలో వేరువేరుగా వెళ్లండి. అరసవల్లి గుడిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొద్దుటి సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని మీకు తెలుసు. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మీ డాబా మీద ఉంది. వారానికోసారి సూర్యుడు ఏ చెట్టు వెనక నుంచి వస్తున్నాడో గుర్తుపెట్టిస్తే, దక్షిణానికి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు రెండుసార్లు ఒకే చోటు మీదుగా సూర్యుడు వెళ్తాడని పాప తనే కనిపెడుతుంది. దాని కోసం ఒక ఏడాది ఓపిక పట్టాలి, అంతే.

వంటింటి గురించి ఎక్కువ చెప్పను, అది మీకే బాగా తెలుసు. ఆవకాయ పాళ్లు పాపకు నిష్పత్తి పాఠం. చలికాలంలో ఇడ్లీ పిండి ఎందుకు పొంగదో కూడా ఆలోచింపజేయండి. కత్తి, పొయ్యి దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక పెద్దవాళ్లు ఉండాలి. పాత కొలపాత్రలు ఇంట్లో ఉంటే బయటికి తీయండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మీ వైపు లెక్క కొంచెం తేడాగా ఉండవచ్చు, మావయ్యగారినే అడగండి. కుంచంలో ఎన్ని గిద్దలో బాబు నీళ్లు పోసి తేల్చుతాడు.

ఇంత చెప్పాక, మీకు కాస్త కటువుగా వినిపించే మాట చెప్పాలి. చదవడం, రాయడం, కాగితం మీద లెక్క చేయడం పొలంలో తిరిగితే వాటంతటవి రావు. గుణింతాలు, ఒత్తులు రోజూ చదివితేనే కుదురుతాయి. ఇంగ్లీషూ అంతే. కాబట్టి పొద్దున్నే, మనసు తేటగా ఉన్నప్పుడు, పాపకు గంటన్నర, బాబుకు ముప్పావు గంట కూర్చుని చదివే చదువు తప్పనిసరి. ఆదివారం, పండగలు, కోతల రోజులు తప్ప మానకూడదు. దీనికి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెచ్చుకోండి. ఏపీ పుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన మీ పాపకు ఇవి బాగా పనికొస్తాయి. పత్తి, ముగ్గు, కార్తెలు చెప్పలేని విషయాలు చాలా ఉన్నాయి. విద్యుత్తు, ప్రపంచ పటం, రాజ్యాంగం, మన రాష్ట్రం బయటి చరిత్ర, ఇవన్నీ ఆ పుస్తకాల్లోంచి, శ్రీకాకుళం గ్రంథాలయం నుంచి తెచ్చుకునే పుస్తకాల్లోంచి రావాల్సిందే. ప్రతి జూన్‌లో ఆ ఏడాది అయిపోయిన తరగతి పుస్తకాల్లోంచి ఒక పేజీ చదివించి, పది లెక్కలు చేయించి చూడండి. వెనకబడ్డారా అన్న మీ భయానికి అదొక్కటే నిజమైన సమాధానం. వెనకబడితే ఆ ఒక్క విషయానికి ట్యూషన్ పెట్టించడంలో సిగ్గు లేదు.

టీచర్ ట్రైనింగ్ లేదని బాధపడకండి. ఇద్దరు పిల్లలకు చెప్పడానికి కావాల్సింది ఓపిక, ముందురోజు రాత్రి ఆ పేజీలు చదువుకునే అలవాటు. ఆ ఓపిక మొత్తం మీ ఒక్కరిదే అయితే మాత్రం ఎక్కువ కాలం నిలవదు. ఇంటి చదువు అన్న చోటల్లా బరువు తల్లి మీద పడి, ఏడాది తిరగకముందే ఆవిడ అరుపులతో ఇల్లు నిండిపోవడం చూశాను. మీ ఆయన సగం మనసుతో సరే అన్నారన్నారు. ఆ మిగతా సగం పనిలో చూపించమనండి. పొద్దుటి లెక్కల గంట ఆయనది కావాలి. లాగిన్ అయ్యే ముందు పిల్లలతో కూర్చోవడం ఆయనకు కష్టం కాదు. మీకు రోజులో రెండు గంటలైనా పిల్లలు లేని టైము ఉండాలి. అది మీ హక్కు.

సాయంత్రాలు ఖాళీగా ఉంచండి. బడి వదిలాక ఊరి పిల్లలు వీధిలోకి వస్తారు, మీ పిల్లలు వాళ్లతో కలవాల్సిందే. ఊళ్లో తప్పెటగుళ్ల బృందం ఉంటే నేర్పమని అడగండి. ఛాతీ మీద రేకు తప్పెట కట్టుకుని పదిమందితో కలిసి లయ తప్పకుండా గెంతడం ఇంట్లో ఒక్కరికి వచ్చే విద్య కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వేరే చేతిపని చూపించండి. సారవకోట మండలంలోని బుడితిలో ఇత్తడి, కంచు పని చేసేవాళ్లు ఉన్నారు. రాగిలో జింకు కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు అన్నది మూస ముందు నిలబడి తెలుసుకోవాలి. అనకాపల్లి వైపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగు పట్టించడం చూడవచ్చు.

అత్తయ్యగారి కన్నీళ్ల గురించి. ఆవిడ రోజంతా వడికి ఎంత తక్కువ సంపాదించారో ఆవిడకు తెలుసు. మనవలు ఆ దారికే వచ్చేస్తారేమోనన్నదే ఆవిడ భయం, అందులో న్యాయం ఉంది. మీరు చట్టం, ఎన్‌ఐఓఎస్ అంటూ వాదిస్తే ఆవిడ ఊరుకుంటారేమో గానీ నమ్మరు. పాప పొద్దున కూర్చుని చదివే గంటన్నర ఆవిడ కళ్లముందే జరగనివ్వండి. సాయంత్రం పాప రాసిన రాట్నం పాఠం ఆవిడకే చదివి వినిపించమనండి. ఆవిడ తప్పు దిద్దితే అలాగే దిద్దించండి. బంధువులు అడిగితే, "ఈ ఏడాది ఇంట్లో చదువుకుంటున్నారు" అని చెప్పి ఊరుకోండి. ప్రతి పెళ్లిలోనూ పిల్లల్ని పద్యం చెప్పమని, ఎక్కాలు చెప్పమని నిలబెట్టి పరీక్షించే మావయ్యలుంటారు. అక్కడ మీరు అడ్డుపడాలి.

స్కూలు నుంచి టీసీ, మార్కుల జాబితా ఇప్పుడే అడిగి తీసుకోండి. ఇద్దరి జనన ధ్రువపత్రాల్లోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే పరీక్ష ఫీజు కట్టే రోజున కాకుండా ఇప్పుడే సరిచేయించండి. జూన్‌లో మొదలుపెడితే మరుసటి మార్చిలో పాపను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, బడికి వెళ్తావా, ఇంట్లోనే చదువుతావా అని. వెళ్తానంటే మీరు పడిన కష్టం గుర్తుచేయకుండా, ముఖం చిన్నబుచ్చుకోకుండా, తను నమ్మగలిగే ఒక మంచి బడి వెతికి ఆ జూన్‌లోనే చేర్పించండి. రాట్నం, కార్తెల పుస్తకం సెలవుల్లో కూడా సాగుతాయి. బాబును వేరుగా అడగండి. అక్క చెప్పిందే తనూ చెప్పాలని లేదు.